సైలెన్సర్ పొగ రంగు మారిందా? ఇంజన్ విప్పించే ముందు ఇవన్నీ చూడండి

పెట్రోల్ కారు వెనక పొగ కనబడగానే ఎవరైనా ముందు అడిగేది "ఏ రంగు?" అనే. అడగాల్సిందే. కానీ రంగు సగం సంగతే చెబుతుంది. మిగతా సగం ఆ పొగ ఎప్పుడు వస్తోందన్న దాంట్లో ఉంటుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానేనా? ఎక్సలేటర్ గట్టిగా తొక్కినప్పుడా? వాలులో కాలు తీసి మళ్లీ తొక్కినప్పుడా? లేక ఆగకుండా వస్తూనే ఉందా? ఈ రెండూ కలిపి చూస్తే, ఒక్క బోల్టు విప్పకుండానే లోపం ఏ మూల ఉందో చాలావరకు తేలిపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి రంగు ఒక్కటే చూసి నేను బాగా నష్టపోయాను. నా పాత కారు నీలం పొగ వదలడం మొదలెట్టింది. చూపించిన చోట "రింగులు పోయాయి, ఇంజన్ దించాలి" అన్నారు. సరేనన్నాను. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు కొత్తవి వేశారు, ఇంజన్ ఎక్కించారు, స్టార్ట్ చేస్తే మళ్లీ అదే నీలం పొగ. చివరికి అసలు దోషి పీసీవీ వాల్వ్, అంటే ఇంజన్ అడుగున చేరే వాయువుల్ని మళ్లీ గాలి లోపలికి వెళ్లే దారిలోకి (ఇంటేక్‌లోకి) పంపే వాల్వ్, అని తేలింది. బొటనవేలంత ముక్క అది. చేత్తో పట్టుకుని ఊపితే లోపల గలగలమనాలి. నా కారుది ఊపితే చప్పుడే లేదు, జిగురు పట్టి తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుపోయింది. దాన్ని మార్చిన వారానికి పొగ పోయింది. ఆ ఐదు నిమిషాల పరీక్ష ముందే చేసి ఉంటే ఇంజన్ దించే పనే ఉండేది కాదు. అందుకే కింద చెప్పే వరుసలో ఎప్పుడూ చవకైన పరీక్ష ముందు, ఇంజన్ విప్పే మాట ఆఖరున.

మొదటి పని: పొగను సరిగ్గా చూడటం

కారును రాత్రంతా కదపకుండా ఉంచండి. చల్లబడిన ఇంజన్ చెప్పే నిజాలు వేడి ఇంజన్ చెప్పదు. స్టార్ట్ చేసే ముందే మూడు రాసి పెట్టుకోండి: డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ ఎంతవరకు ఉంది, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) డబ్బాలో మట్టం ఎక్కడుంది, మీటరు మీద కిలోమీటర్లు ఎన్ని. తర్వాత వచ్చే ప్రతి అనుమానానికీ ఈ మూడే సాక్ష్యం.

కారు తప్పకుండా ఆరుబయట ఉండాలి. మూసిన షెడ్డులో పెట్రోల్ ఇంజన్ నడపడం ప్రాణాంతకం. ఎగ్జాస్ట్‌లో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు, మనిషి తెలివి తప్పేదాకా తెలియదు. హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టండి. మీరు సైలెన్సర్‌కి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడండి. వెనక ముదురు రంగు గోడో చెట్టో ఉంటే పొగ రంగు స్పష్టంగా తెలుస్తుంది. ఎండకు ఎదురుగా చూస్తే నీలం కూడా తెల్లగానే కనబడి మోసం చేస్తుంది.

ఇప్పుడు స్టార్ట్ చేయించి నాలుగు ఘట్టాలు ఫోన్‌లో వీడియో తీయండి. స్టార్ట్ అయిన మొదటి నిమిషం, అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉన్నాక, వేడెక్కాక మెల్లగా రేస్ ఇచ్చినప్పుడు, రేస్ ఇచ్చి వదిలేసి మళ్లీ ఇచ్చినప్పుడు. వేడి పెరిగే కొద్దీ పొగ తగ్గుతోందా, పెరుగుతోందా అన్నది జ్ఞాపకం మీద ఆధారపడితే తప్పిపోతుంది. వీడియోలో దొరుకుతుంది.

తర్వాత తెల్ల గుడ్డ పరీక్ష. నేను ఇంతకంటే నమ్మేది ఇంకోటి లేదు. పాత తెల్ల బనీను ముక్కను కర్రకు కట్టి, సైలెన్సర్ నోటికి జానెడు దూరంలో ఒక నిమిషం పట్టండి. చేత్తో పట్టుకోవద్దు, గొట్టం కాలుతుంది. గుడ్డ మీద ఒట్టి తేమ ఉండి, ఆరాక మరక మిగలకపోతే అది నీళ్లే. పొడి మసి అంటి, వేలితో రాస్తే పొడిపొడిగా రాలితే పెట్రోల్ ఎక్కువ మండుతోంది. గోధుమ రంగు చుక్కలు పడి, గుడ్డ ఆరినా అవి జిడ్డుగానే మిగిలితే ఆయిల్ మండుతోంది. బూడిద రంగు పొగను నీలమో నలుపో తేల్చుకోలేక తల పట్టుకునే చోట ఈ గుడ్డే తీర్పు చెబుతుంది.

ఒక్కోసారి పొగ సైలెన్సర్ నుంచి రాదు. బానెట్ కింద వాల్వ్ కవర్ (ఇంజన్ పై మూత) గ్యాస్కెట్ కారి, కాలిపోతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి గొట్టం) మీద ఆయిల్ చుక్కలు పడుతుంటాయి. కారు ఆపినప్పుడు ముందు వైపు నుంచి కమురు వాసన వస్తే ముందు అక్కడ చూడండి. అది ఇంజన్ లోపలి జబ్బు కాదు, పైపైన కారడమే. అలాగని వదిలేయకూడదు, వేడి లోహం మీద ఆయిల్ పడితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

తెల్ల పొగ: ఆవిరా, కూలెంటా

చలి రోజున స్టార్ట్ చేయగానే తెల్లగా వచ్చి, వేడెక్కాక మాయమయ్యేది పొగ కాదు, ఆవిరి. పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోల్ మండితే రమారమి లీటరు నీళ్లు పుడతాయి. గొట్టం చల్లగా ఉన్నంతసేపూ అవి ఆవిరిగా కనబడతాయి, చుక్కలుగా కారతాయి. ఈ ఆవిరి గొట్టం దాటి కొంచెం దూరం పోగానే గాలిలో కరిగిపోతుంది. దీనికి చేయాల్సిందేమీ లేదు.

కంగారు పడాల్సిన తెల్ల పొగ వేరు. అది దట్టంగా, బరువుగా ఉంటుంది, కారు వెళ్లిపోయినా రోడ్డు మీద తెరలా వేలాడుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కినా ఆగదు. దగ్గరగా పోకుండానే ఏదో తియ్యటి వాసన తగులుతుంది. కూలెంట్‌లోని గ్లైకాల్ వాసన అది. అంటే సిలిండర్‌లోకి కూలెంట్ దిగుతోంది. ఎక్కువ సార్లు కారణం హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య సీలు, పాడవడం. ఇంజన్ ఒకసారి బాగా ఓవర్‌హీట్ అయిన తర్వాత మొదలైతే హెడ్ వంకర పోవడమో, చీలిక రావడమో కూడా జరిగి ఉండవచ్చు.

నిర్ధారించుకునే వరుస ఇది.

ముందుగా కూలెంట్ మట్టం. బయట ఎక్కడా కారకుండా రోజురోజుకీ తగ్గుతోందా? మూత మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే తీయండి. లోపల ఒత్తిడి ఉండటం వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా నిలుస్తుంది. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, అంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

తర్వాత ఆయిల్ పోసే మూత తీసి అడుగు భాగం చూడండి, డిప్‌స్టిక్ కూడా చూడండి. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే మీగడ కట్టినట్టు లేత గోధుమ రంగు నురగ పేరుకుంటుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో ఇంజన్ సరిగ్గా వేడెక్కక, లోపలి తేమ మూత కింద అలాగే మీగడలా పేరుకోవడం మామూలే. మూత దగ్గర మాత్రమే ఉండి డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే, ఒక గంటసేపు హైవే మీద నడిపి మళ్లీ చూడండి. డిప్‌స్టిక్ మీద కూడా పాలు కలిసినట్టుంటే ఇక ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

మూడోది బుడగలు. చల్లటి ఇంజన్‌లో రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించి, నీళ్లలోకి చూడండి. మొదట్లో కొన్ని బుడగలు రావచ్చు, లోపల చిక్కుకున్న గాలి అది. ఆగకుండా వస్తూ, రేస్ ఇస్తే ఎక్కువైతే సిలిండర్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి తోసుకొస్తున్నట్టే. నీళ్లు వేడెక్కకముందే చూసి ఆపేయాలి. దీన్ని రూఢి చేసే సాధనం బ్లాక్ టెస్టర్. అందులో నీలం ద్రవం ఉంటుంది. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని దాని గుండా పీలిస్తే, ఎగ్జాస్ట్ వాయువు ఉన్నప్పుడు పసుపు రంగుకి మారుతుంది. హెడ్ విప్పడానికి ఒప్పుకునే ముందు ఈ పరీక్ష నా కళ్లముందు చేసి చూపించమని అడుగుతాను. మీరూ అడగండి, అందులో మొహమాటం ఏమీ లేదు.

స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఇంకో ఆధారం దొరుకుతుంది. నాలుగింటిలో మూడు మామూలు గోధుమ రంగులో ఉండి, ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే, కూలెంట్ దిగుతున్నది ఆ సిలిండర్‌లోకే. ఆవిరి దాన్ని రోజూ కడుగుతోంది.

కూలెంట్ రాత్రంతా సిలిండర్‌లో నిండితే పొద్దున సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ ఆ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అందుకే దట్టమైన తెల్ల పొగతో పాటు పొద్దున సెల్ఫ్ ఒక చోట పట్టేసినట్టు ఆగితే మళ్లీ మళ్లీ కొట్టొద్దు. ఇంకొక్క మాట, కిందికి కారిన కూలెంట్ పిల్లలకీ జంతువులకీ విషం. తియ్యగా ఉండటంతో కుక్కలు నాకుతాయి. వెంటనే కడిగేయండి.

అన్నీ బాగున్నా తెల్ల పొగ వస్తుంటే బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. మాస్టర్ సిలిండర్ వెనక సీలు కారితే బ్రేక్ ఆయిల్ బూస్టర్‌లోకి (బ్రేక్ పెడల్ తొక్కడం తేలిక చేసే భాగం) చేరి, ఇంజన్ వాక్యూమ్ దాన్ని లోపలికి లాక్కుని తెల్లగా మండిస్తుంది. అరుదే, కానీ ఇది పొగ సమస్య కాదు, బ్రేకుల సమస్య. డబ్బాలో మట్టం తగ్గి, చక్రాల దగ్గర ఎక్కడా తడి లేకపోతే కారు కదపకండి.

నీలం పొగ: ఎప్పుడు వస్తోందో అదే జవాబు

నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. అది సిలిండర్‌లోకి పై నుంచి రావచ్చు, కింద నుంచి రావచ్చు, గాలితో పాటు పక్క దారిన రావచ్చు. దారిని పట్టించేది సమయమే.

రాత్రంతా ఆగిన కారు స్టార్ట్ చేయగానే భగ్గున నీలం పొగ వచ్చి, కాసేపటికే పోతే వాల్వ్ సీల్స్ (వాల్వ్ కాడ చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు తొడుగులు) గట్టిపడ్డాయి. ఆగి ఉన్నప్పుడు హెడ్ మీది ఆయిల్ వాల్వ్ కాడ వెంట బొట్టుబొట్టుగా కిందికి దిగి, పొద్దున ఒక్కసారిగా మండుతుంది.

వాలులో గేరులోనే ఉంచి ఎక్సలేటర్ మీద కాలు తీసి, కొన్ని సెకన్ల తర్వాత తొక్కితే వెనక నీలం గుప్పు వచ్చినా అనుమానం సీల్స్ మీద, వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడలు కదిలే గొట్టాలు) మీదే. కాలు తీసినప్పుడు థ్రాటిల్ మూసుకుని ఇంటేక్‌లో వాక్యూమ్ బాగా పెరుగుతుంది, అది గైడ్ల సందుల్లోంచి ఆయిల్‌ని పీలుస్తుంది. ఈ పరీక్షకు వెనక ఇంకో బండిలో ఎవరైనా వస్తూ చూడటం మేలు, అద్దంలో చూస్తూ మీరే నడపడం కంటే.

తొక్కినప్పుడల్లా, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడో బరువుతోనో నీలం పొగ దట్టమైతే పిస్టన్ రింగుల వైపు చూడాలి. ఆయిల్ పోసే మూత తీసి ఐడిల్‌లో చూడండి. ఆవిరి కొద్దిగా రావడం మామూలే. పొగ బండిలా గుప్పుగుప్పుమని తోసుకొస్తే మండిన వాయువు రింగులు దాటి కిందికి దిగుతోంది.

ఇవేవీ తేల్చే ముందు మూడు చిన్న పనులు చేయండి. ఆయిల్ మట్టం డిప్‌స్టిక్ పై గీత దాటి ఉందేమో చూడండి. ఎక్కువ పోస్తే క్రాంక్ (ఇంజన్ అడుగున తిరిగే ఇరుసు) దాన్ని చిలికి నురగ చేస్తుంది, అది బ్రీదర్ గొట్టం గుండా ఇంటేక్‌లోకి పోతుంది. అదనంగా ఉన్నది తీసేస్తే పొగ పోతుంది. రెండోది నాకు పాఠం నేర్పిన పీసీవీ వాల్వ్, దాని గొట్టాలు. తీసి ఊపండి, గలగలమనకపోతే మార్చండి. కొన్ని కార్లలో ఇది విడిగా ఉండదు, వాల్వ్ కవర్‌లోనే డయాఫ్రమ్‌గా ఉంటుంది. అది చిరిగితే ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయడానికి గట్టిగా లాగాల్సి వస్తుంది, లోపల వాక్యూమ్ పట్టి ఉంటుంది. మూడోది టర్బో ఉన్న కారైతే ఇంటర్‌కూలర్‌కి (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) వెళ్లే గొట్టం విప్పి చూడటం. పల్చటి జిడ్డు ఉంటే ఫరవాలేదు. వంచితే ఆయిల్ ధారగా కారితే టర్బో సీలో, దాని ఆయిల్ తిరిగొచ్చే గొట్టం మూసుకుపోవడమో అయి ఉంటుంది.

అప్పుడు కంప్రెషన్ పరీక్ష, అంటే ప్లగ్గు రంధ్రంలో మీటరు బిగించి ఒక్కో సిలిండర్ ఒత్తిడి కొలవడం. ఇంజన్ వేడిగా ఉండాలి. ప్లగ్గులన్నీ తీసేయాలి, ఇగ్నిషన్, ఇంజెక్టర్ల కనెక్షన్ తీసేయాలి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టి ముల్లు ఆగేదాకా సెల్ఫ్ కొట్టాలి. మీ ఇంజన్‌కి సరైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. నా దృష్టిలో ఆ అంకె కంటే నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటం ముఖ్యం. ఒకటి మిగతావాటి కంటే 15 శాతానికి మించి తక్కువుంటే దాంట్లోకి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు రెండూ పడిపోతే ఆ రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్.

ఈ పరీక్షకూ ఒక గుడ్డి చోటు ఉంది. పిస్టన్ మీద పై రింగులు ఒత్తిడిని ఆపుతాయి, కింది రింగు ఆయిల్‌ని గీకి దించుతుంది. ఆ కింది రింగు ఒక్కటే కార్బన్ పట్టి బిగుసుకుపోతే కంప్రెషన్ బ్రహ్మాండంగా వస్తుంది, కారు మాత్రం ఆయిల్ తాగుతూనే ఉంటుంది. కాబట్టి కంప్రెషన్ బాగుందని చెప్పి రింగుల మీద అనుమానం పూర్తిగా కొట్టేయకండి.

ఆయిల్ ఎంత తింటోందో కొలవకుండా ఏ నిర్ణయమూ వద్దు. పై గీత దాకా నింపి, 1000 కిలోమీటర్లు నడిపి, మళ్లీ అదే గీత రావడానికి ఎంత పోయాల్సి వచ్చిందో చూడండి. 1000 కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలే అని రాసిన కంపెనీ మాన్యువల్స్ కూడా ఉన్నాయి. చలిలో పొద్దున ఒక గుప్పు వదిలి, రెండు వేల కిలోమీటర్లకు పావు లీటరు తినే పాత కారుని మట్టం చూసుకుంటూ హాయిగా నడుపుకోవచ్చు. రోడ్డంతా నీలం తెర పరిచే కారుని అలా వదిలేయకూడదు. ఆయిల్‌లోని భాస్వరం క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) మెల్లగా చంపేస్తుంది, ప్లగ్గులు జిడ్డు పట్టి మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) మొదలవుతుంది.

నల్ల పొగ: పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ

ఒక కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క పెట్రోల్ వైపు మొగ్గితే మసి. దీంతో పాటు మైలేజ్ పడిపోవడం, పచ్చి పెట్రోల్ వాసన, ప్లగ్గుల మీద వెల్వెట్ గుడ్డలా నల్లటి పొడి మసి కనబడతాయి. గొట్టం లోపలి గోడకు మాత్రమే మసి ఉండి పొగ కనబడకపోతే ఫరవాలేదు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో అది సహజం.

అందరూ ముందు ఎయిర్ ఫిల్టర్ అంటారు. తీసి చూడండి, మూసుకుపోతే మార్చండి. కానీ కార్బురేటర్ కారులోలా కాకుండా ఇంజెక్షన్ కారులో కంప్యూటర్ వచ్చే గాలిని కొలిచి దానికి తగ్గట్టే పెట్రోల్ ఇస్తుంది. అందుకని ఫిల్టర్ ఒక్కటే నల్ల పొగ తెప్పించడం అరుదు, పికప్ తగ్గుతుందంతే. కార్బురేటర్ కారైతే ఫిల్టర్‌తో పాటు చోక్ బిగుసుకుపోయిందేమో చూడండి.

ఇంజెక్షన్ కారులో నేను ముందు అడిగేది ఓబీడీ స్కానర్‌ని, అంటే కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరాన్ని. పొద్దున స్టార్ట్ చేయకముందే కూలెంట్ ఉష్ణోగ్రత ఎంత చూపిస్తోందో చూడండి. బయటి గాలి ఎంత ఉందో దాదాపు అంతే ఉండాలి. వేడెక్కాక కూడా అది చల్లగానే ఉందని చూపిస్తే, సెన్సర్ అబద్ధం చెబుతోంది. ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) తెరుచుకుని ఉండిపోయినా ఇంజన్ నిజంగానే వేడెక్కదు, ఫలితం అదే.

తర్వాత లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె. సున్నాకి అటూ ఇటూ తిరగాలి. మైనస్ 10 దాటి ఇంకా కిందికి పోతే, వస్తున్న పెట్రోల్‌ని తగ్గించాలని కంప్యూటర్ ప్రయత్నిస్తోందని అర్థం. పీ0172 కోడ్ వస్తే అదే మాట. అంటే ఎక్కడి నుంచో అడగని పెట్రోల్ వస్తోంది: కారుతున్న ఇంజెక్టర్, ఎక్కువైన ఫ్యూయల్ ప్రెషర్, తెరుచుకుని ఉండిపోయిన పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌కి పంపేది). ట్యాంకు నింపిన వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయిస్తే పర్జ్ వాల్వ్ మీద కన్నేయండి. పెట్రోల్ ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ ఇంజన్ మీదే ఉన్న పాత కార్లలో దాని సన్నటి వాక్యూమ్ గొట్టం పీకి వాసన చూడండి. అందులో పెట్రోల్ తడి ఉంటే లోపలి డయాఫ్రమ్ చిరిగింది.

వేడి కారు అరగంట ఆగాక స్టార్ట్ చేస్తే సెల్ఫ్ ఎక్కువసేపు తిరిగి, నల్లగా ఒక గుప్పు వదిలి, తర్వాత శుభ్రంగా నడిస్తే ఇంజెక్టర్ ఆగి ఉన్నప్పుడు కారుతోంది. ఆ పెట్రోల్ గోడల వెంట దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతూ, ముక్కు దగ్గర పెడితే పెట్రోల్ వాసన వేస్తే, ఇంజెక్టర్ బాగు చేయించాక ఆయిల్ కూడా తప్పకుండా మార్పించండి. పల్చబడిన ఆయిల్‌తో నడిపితే నల్ల పొగ నయమైనా బేరింగులు పోతాయి.

ఎప్పుడు నడపడం ఆపేయాలి

డిప్‌స్టిక్ మీద పాల రంగు, టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు పోవడం, ఆయిల్ ప్రెషర్ లైటు, చెక్ ఇంజన్ లైటు మినుకుమినుకుమనడం. ఈ నాలుగింటిలో ఏది కనబడినా పక్కకు తీసి ఇంజన్ ఆపి, బండిని లాగించుకుని వెళ్లండి. నిలకడగా వెలిగే చెక్ లైటుకి వీలు చూసుకుని స్కాన్ చేయిస్తే చాలు. మినుకుమనేది మాత్రం మిస్‌ఫైర్. మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి దాన్ని కరిగించేస్తుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు "పొగ వస్తోంది" అని చెప్పి తాళాలు ఇచ్చి రావద్దు. వీడియో చూపించండి, గుడ్డ ముక్క చూపించండి, ఆయిల్, కూలెంట్ అంకెలు చెప్పండి. మంచి మెకానిక్ అవి చూసి సంతోషిస్తాడు. అతని రోజు పని సగం మీరే చేసిపెట్టారు. ఇంజన్ దించాలంటే ఏ పరీక్షలో ఏం తేలిందో చెప్పమనండి.

మరమ్మతు అయ్యాక ఒక విషయం గుర్తుంచుకోండి. సైలెన్సర్ లోపల, కన్వర్టర్‌లో పేరుకున్న ఆయిల్, కూలెంట్ ఒక్కరోజులో పోవు. బాగు చేసి తెచ్చిన కారు మొదటి కొద్ది రోజులు, ముఖ్యంగా బాగా వేడెక్కినప్పుడు, పాత పొగే వదలవచ్చు. అది చూసి పని చెడిందని అనుకోకుండా, ఒకసారి హైవే మీద అరగంట నడిపి, వారం తర్వాత అదే తెల్ల గుడ్డ పరీక్షని కొత్త ముక్కతో చేయండి. పాత ముక్క పక్కన పెట్టి చూస్తే మిగతాది తెలిసిపోతుంది.